పద్నాలుగో గడి

ముందుగా నా రాతకు క్షమించాలి. ఒత్తులు నాకు సరిగ్గా కుదరవు. దీర్ఘాల దగ్గర ఇప్పటికీ తడబడతాను. తప్పులన్నీ టైపు మేడం దిద్దింది, మాటల జోలికి మాత్రం రావద్దన్నాను. ఈ కాసిని కాగితాలకు నాకు పదకొండు వారాలు పట్టింది. మీరు ఒక్క బిగిన చదివేస్తారని తెలుసు. పరవాలేదు, చదవండి.

ఆస్పత్రి బట్టల గదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఉతికి ఆరిన దుప్పట్లు మడత పెట్టడం నా పని. మా ఆయన అక్కడే బాయిలరు దగ్గర ఉండేవాడు. ఆయన పోయేనాటికి నాకు నా పేరు రాయడం కూడా రాదు. జీతం కాగితం మీద బొటనవేలు, ఆయన్ని ఆస్పత్రిలో చేర్చిన కాగితం మీద బొటనవేలు, శవాన్ని అప్పగించిన కాగితం మీదా బొటనవేలే. ఆ సిరా మూడు రోజులు పోలేదు. యాభై ఎనిమిదో ఏట గ్రంథాలయం పైగదిలో సాయంత్రం బడిలో చేరాను. అక్కడ చెప్పేది టైపు మేడం. పూర్వం ఏదో ఆఫీసులో టైపిస్టుగా చేసి మానేసిన మనిషి.

నాకు ఒక్కతే కూతురు. దాని భర్త దరఖాస్తులు రాసిపెట్టే మనిషి. పిల్లల సంరక్షణ కార్యాలయం గేటు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన పెద్ద గొడుగు. ఏ ఆఫీసుకు ఏ కాగితం వెళ్ళాలో, ఏ గడిలో ఏం రాస్తే పని జరుగుతుందో, ఏం రాస్తే కాగితం తిరిగొస్తుందో అన్నీ అతనికి నోటికి వచ్చు. చుట్టుపక్కల వాళ్ళందరికీ అతనే దిక్కు. నా వితంతు పింఛను దరఖాస్తు కూడా అతనే రాశాడు, నేను వేలు పెట్టాను. ఇంత మంచి అల్లుడు ఎవరికి దొరుకుతాడని మురిసిపోయాను కూడా.

ఆ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. మా అమ్మాయి మండుటెండలో కూడా పొడుగు చేతుల బట్టలే వేసుకునేది. ఒకరోజు నా గదిలో గిన్నెలు కడుగుతూ, మరిచిపోయి చేతులు పైకి మడుచుకుంది. నేను చూశాను. చూశానని అది చూసింది. గబుక్కున కిందికి దింపేసుకుని, "తలుపు తగిలిందమ్మా" అంది.

"ఎన్ని తలుపులే మీ ఇంట్లో?" అన్నాను.

అది మిగతా గిన్నెలు గబగబా కడిగేసి వెళ్ళిపోయింది. రెండు నెలల తర్వాత, అల్లుడు బల్ల దగ్గర ఉన్న వేళ చూసి, ఆరేళ్ళ పాపను తీసుకుని బయటికి వచ్చేసింది. దెబ్బలు తిన్న ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే ఒక ఇల్లుంటే అక్కడికి నేనే దిగబెట్టాను. ఆ ఇంటికి బోర్డు ఉండదు. లోపల అప్పటికే పదకొండు మంది ఉన్నారు, పిల్లలు కాక. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. మధ్యలో దిగి, వెనక ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు రెండో బస్సు ఎక్కమని ఆ ఇంటి వార్డెనమ్మ చెప్పింది. అలాగే చేసేదాన్ని.

అల్లుడు వీధులమ్మట వెతకలేదు. అరవలేదు. ఒకసారి నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, అంతే.

"అత్తయ్యా, అది ఎక్కడుందో మీరు చెప్పక్కర్లేదు. నేను కాళ్ళరిగేలా తిరగనూ అక్కర్లేదు. ఆఫీసులున్నాయి కదా, అవే వెతికి పెడతాయి" అన్నాడు. అని, నీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు.

మొదట పింఛను ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు, చేతిలో ఫైలు పట్టుకుని. నేను మళ్ళీ పెళ్లి చేసుకుని, ఆ సంగతి దాచిపెట్టి వితంతు పింఛను తింటున్నానని ఫిర్యాదు వెళ్ళిందట. నా గదిలో రెండో మనిషి చెప్పులున్నాయేమోనని మంచం కింద వంగి మరీ చూశాడు. ఆ మాట కింది షాపు టైలరు చెవిన పడింది. ఇక నేను మెట్లు దిగితే చాలు:

"పిన్నీ, ఇది అన్యాయం. పెళ్లికొడుకు బట్టలు నా దగ్గర కాకుండా ఎక్కడ కుట్టించావు?"

"నీ దగ్గరిస్తే పెళ్లి రోజుకి ఇస్తావా ఏంటి? షష్టిపూర్తికి ఇస్తావు" అనేదాన్ని.

నవ్వుకున్నాం గానీ, అక్కడే మెడకు ఉచ్చు పడింది. నేను విధవనేనని జవాబు రాసివ్వాలి. నా రాత మీద నాకు నమ్మకం లేక టైపు మేడంతో రాయించి సంతకం చేశాను. మా ఆయన పోయిన తేదీ ఆమె ఒకరోజు తేడాగా వేసింది. అల్లుడు దాన్ని పట్టుకుని రెండు ఫిర్యాదులు పెట్టాడు. తేదీ తప్పు కాబట్టి తప్పుడు ప్రకటన అని ఒకటి. చేతిరాత నాది కాదు, ఎవరో నా చేత అబద్ధాలు చెప్పిస్తున్నారని ఇంకొకటి. నన్ను పిలిపించి మందలించారు. ఇకమీదట ఏ ఆఫీసుకైనా జవాబులన్నీ స్వదస్తూరితో రాయాలని, ఇంకో తప్పుడు ప్రకటన తేలితే నా మాటకు ఏ ఆఫీసులోనూ విలువ ఉండదని ఎర్ర సిరాతో రాశారు. అలా రాయాలని ఏ నిబంధనలో ఉందో కూడా ఫిర్యాదులో అల్లుడే చూపించాడు.

తర్వాత నెలకు అసలుది వచ్చింది. పిల్లల సంరక్షణ కార్యాలయం నుంచి. అమ్మమ్మ పాపను ఎక్కడో దాచిపెట్టిందని, తిండి సరిగ్గా పెట్టడం లేదని, బడి మాన్పించారని తండ్రి ఫిర్యాదు. జవాబు పత్రం ఆరు పేజీలు, ముప్పై ఒక్క గడులు. పదిహేను రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫిర్యాదు నిజమేనని ఒప్పుకున్నట్టు.

ఏ కాగితం వచ్చినా ముందు తనకు చూపించమని వార్డెనమ్మ చెప్పే ఉంది. చూపించాల్సింది. కానీ ఎర్ర సిరా మాట నా ఒంట్లో ముల్లులా ఉంది. నా చేత్తో నేనే రాసి చూపిస్తాను, ఎవడు కాదంటాడో చూస్తాను అనుకున్నాను. నాలుగు రోజులు కూర్చుని రాశాను. వంట మానేశాను, రొట్టె ముక్కలు తిని రాశాను. పాప ఏం తింటుంది, ఎన్నింటికి లేస్తుంది, ఎవరు తల దువ్వుతారు. అన్నీ నిజాలే కాబట్టి చెయ్యి ఆగలేదు.

పద్నాలుగో గడిలో ఇలా ఉంది: బిడ్డ ప్రస్తుతం రాత్రి నిద్రించు చోటు, పూర్తి చిరునామా.

ఏ గడీ ఖాళీగా వదలకూడదని మా బడిలో మొదటి పాఠం. రాశాను. ఇంటి నంబరు, వీధి, బస్సు దిగాల్సిన స్టాపు. గడిలో ఇంకా చోటు మిగిలింది. వచ్చేవాళ్ళు పాపం తిరిగి తిరిగి అలిసిపోతారని, నీలం గేటు, ఎదురుగా టైర్ల షాపు అని కూడా రాశాను. అది అడిగింది సర్కారు, అల్లుడు కాదు కదా అనుకున్నాను. నా బుర్రకు సర్కారు వేరు, అల్లుడు వేరు.

పదకొండు గంటలకు కౌంటరులో ఇచ్చాను. నంబరు వేసి రసీదు ఇచ్చారు. గేటు దగ్గర అల్లుడు ఎవరికో దరఖాస్తు రాస్తూ తలెత్తి చూశాడు. నేను తల దించుకోకుండా నడిచాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రసీదు తీసి చదవడం మొదలుపెట్టాను. దారిలో బోర్డులన్నీ చదవడం నాకు అలవాటు, కాగితం చేతిలో ఉంటే ఆగుతానా? ముందువైపు చదివాను. వెనక్కి తిప్పాను. చిన్న అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ వెళ్ళాను. నాకు ముందు అక్షరాలు వస్తాయి, తర్వాత మాట వస్తుంది, అర్థం కొంచెం వెనకాల నడిచి వస్తుంది.

జవాబు పూర్తి నకలు ఫిర్యాదుదారునకు ఇవ్వబడును. అదే రోజు సాయంత్రం నాలుగు గంటలకు టపా కిటికీ వద్ద స్వయముగా కూడా తీసుకొనవచ్చును.

ఫిర్యాదుదారుడంటే ఎవరా అనుకుంటూ ఒక స్టాపు దాటాను. రెండో స్టాపు దగ్గర అర్థం వచ్చి నా పక్కన కూర్చుంది. బస్సు ఆగకముందే లేచి తలుపు కొట్టాను.

"ఏంటమ్మా, దిగిపోతావా, దూకేస్తావా?" అన్నాడు కండక్టరు.

తిరిగి వచ్చేసరికి భోజనాల వేళ. కౌంటర్లు మూసేశారు. బెంచీ మీద కూర్చుంటే గేటు కనిపిస్తుంది, గొడుగు కనిపిస్తుంది. గొడుగులోంచి నేను కూడా కనిపిస్తానని నాకు తట్టలేదు. అల్లుడే లేచి వచ్చాడు.

"ఏమత్తయ్యా, మళ్ళీ వచ్చారు? ఏదైనా మరిచిపోయారా? నేను రాసి పెట్టనా?"

"వద్దు బాబూ. గొడుగు మరిచిపోయాను."

"మీకు గొడుగెక్కడిది?" అన్నాడు నవ్వుతూ. నా పక్కన కూర్చున్నాడు. "మీరే రాశారటగా, మొత్తం. కౌంటరావిడ చెప్పింది, చేతిరాత ముద్దుగా ఉందట. నాలుగింటికి నేనూ చూస్తాను. నా దగ్గర వేలు పెట్టినవాళ్ళలో రాత నేర్చుకున్నది మీరొక్కరే, తెలుసా?"

అతను వెళ్ళిపోయేదాకా నేను కదల్లేదు.

ఒంటిగంటన్నరకు కౌంటరు తెరిచారు. నా కాగితం నాకు ఇచ్చెయ్యమన్నాను. నంబరు పడ్డాక అది నీది కాదు పెద్దమ్మా, ఆఫీసుది, కావాలంటే టపా గదిలో అడుగు అంది కౌంటరు అమ్మాయి.

టపా గది వరండా చివర ఉంది. బల్ల నిండా కవర్లు, తపాలా బిళ్ళలు తడపడానికి గిన్నెలో నీళ్ళు, స్పాంజి. అవతలి గోడకు గరుకు అద్దం కిటికీ. నాలుగింటికి తెరిచేది ఆ కిటికీనే. కుర్చీలో నా వయసావిడే, కాలు స్టూలు మీద చాపుకుని ఉంది. గోడ మీద క్యాలెండరు వేలాడుతోంది. దాని కింద మా అల్లుడి పేరు, బల్ల ఎక్కడుంటుందో, అన్నీ అచ్చేసి ఉన్నాయి.

వెనక్కి తిరిగి పోదామనిపించింది. కానీ ఎక్కడికి పోను?

"ఈ క్యాలెండరు మీకు ఆయనే ఇచ్చాడా?" అన్నాను.

"ఏటేటా ఇస్తాడు. రోజూ వస్తాడు నకళ్ళకి. మంచివాడు."

"అందరికీ మంచివాడేనమ్మా. నా కూతుర్ని మాత్రం కొడతాడు."

ఆవిడ కాలు దించి నన్ను చూసింది. నేను రసీదు బల్ల మీద పెట్టాను. నకలు తీయాల్సిన దొంతరలోంచి నా ఆరు పేజీలు తీసింది. పద్నాలుగో గడి చదివింది. టైర్ల షాపు దాకా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఊరికే తిరిగివ్వడానికి లేదు. మార్చుకోవాలంటే కొత్త జవాబు మొత్తం రాసివ్వాలి, నకలు బయటికి పోకముందు. అప్పుడు పాతది రద్దు చేసి మీకే ఇచ్చేస్తాం. రూలుంది."

"కౌంటరులో చెప్పలేదే?"

"అడిగారా?"

"అడగాలని తెలియాలి కదమ్మా!"

"అదీ నిజమే" అంది. ఖాళీ జవాబు పత్రం ఒకటి తీసింది. "మీ ఫైలు మీద స్వదస్తూరి అని ఎర్ర గుర్తుంది. ఒక్క అక్షరం నేను రాసినా ఆయన పట్టేస్తాడు. గంటా యాభై నిమిషాలుంది. కూర్చోండి."

"నాలుగు రోజులు పట్టింది నాకు."

"అప్పుడు ఏం రాయాలో ఆలోచించారు. ఇప్పుడు చూసి రాయడమే కదా."

"ఆ గడి వదిలేస్తాను."

"ఒక్క గడి ఖాళీగా ఉన్నా జవాబు రానట్టే. ఫిర్యాదు నిజమని రాసేస్తారు. పాపను తండ్రికి అప్పగించమని పోలీసులకు కాగితం పోతుంది."

"అయితే నా ఇంటి నంబరు వేస్తా."

"ఉంటుందా పాప మీ ఇంట్లో?"

"ఉండదు."

"రేపే మనిషి వచ్చి మంచాలు లెక్కపెడతాడు. మీకు ఒక తప్పుడు ప్రకటన ముందే ఉంది. రెండోది పడితే ఇందులో మీరు రాసిన తిండి, బడి, అన్నీ అబద్ధాల కిందికే పోతాయి."

"తెలియదని రాస్తే?"

"తెలియకపోతే రాయొచ్చు. అది తప్పు కాదు. కానీ ప్రమాణం చేయించి అడుగుతారు. ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతారు. తెలుసు కదా మీకు?"

తెలుసు. నిజం రాస్తే అతని చేతికి పోతుంది. రాయకపోతే పాప పోతుంది. అబద్ధం రాస్తే రెండూ పోతాయి. ఆ గదికి ఒకటే తలుపు, ఒకటే కిటికీ. కిటికీ అవతల అతనికోసం కుర్చీ కూడా వేసి ఉంది. నేను కలం మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి, అలా ఎంతసేపున్నానో. నాకు తెలియడమే వాళ్ళకు చేటైంది. నాకు తెలియకుండా పోవాలి. అంతే దారి.

"అమ్మా, ఆ ఫోను ఒక్కసారి ఇస్తావా?"

"ఆఫీసు ఫోను. బయటివాళ్ళకు ఇవ్వకూడదు" అంటూనే నా వైపు జరిపింది. "నేను బయటికి వెళ్ళలేను, మోకాలు. చెవులు మూసుకుంటాలే."

అక్షరాలు రాకముందు నుంచీ నాకు అంకెలు వచ్చు. నంబరు కళ్ళు మూసుకుని తిప్పగలను. వార్డెనమ్మ ఎత్తింది. జరిగింది చెప్పాను. నీలం గేటు కూడా రాశానని చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అతను ఇంకా చూడలేదు కదా?"

"లేదమ్మా. నాలుగింటికి."

"దూరంగా ఇంకో ఇల్లుంది. అక్కడికి పంపితే మీకు చెప్పం. ఫోను ఉండదు. ఉత్తరం కూడా ఉండదు, కవరు మీద ఊరి ముద్ర పడుతుంది. ఎన్నాళ్ళని అడక్కూడదు."

"అడగను. ఇప్పుడే పంపించెయ్యి. బండి కదిలాక ఒక్క మాట చెప్పు, అప్పుడు రాస్తాను."

"తెలియకూడదని మీరే అడుగుతున్నారా?"

"నేనే అడుగుతున్నా."

తర్వాత మా అమ్మాయి వచ్చింది ఫోనులోకి.

"అమ్మా, ఏం చేశావే?"

"రాశానే. అంతా రాసేశాను. తిట్టు."

"తిట్టడానికి టైమెక్కడుంది? బట్టలు సర్దుకోవాలి" అంది. "నీకు చెప్పకుండా నేనెప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళానా?"

"ఇప్పుడు వెళ్ళు. చెప్పకు. దారిలో ఏ బోర్డు చూసినా నాకు చెప్పకు. నీలం బ్యాగు తీసుకో, దాని జిప్పు బాగానే ఉంది. పాపకు ఒక దుప్పటి పైన పెట్టు, బండిలో చలేస్తుంది."

"నువ్వు ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా?"

"నాకు కొత్త మొగుడున్నాడుగా. మీ ఆయనే రాశాడు."

అది నవ్వింది. నవ్వింది అనే అనుకుంటున్నాను. ఆ చప్పుడు ఏదైనా కావచ్చు. పాప ఫోను లాక్కుంది.

"అమ్మమ్మా, నా పన్ను ఊగుతోంది. అమ్మ పీకేస్తానంటోంది. ఆదివారం నువ్వొచ్చేదాకా పీకనివ్వను, సరేనా?"

"అమ్మ పీకేస్తే పీకనివ్వమ్మా. ఊగేది ఉంచుకోకూడదు."

"నువ్వొస్తావుగా?"

ఎవరో ఫోను పెట్టేశారు. వాళ్ళా, నేనా, గుర్తు లేదు.

తర్వాత రాయడం మొదలుపెట్టాను. ఎడమవైపు పాత కాగితం, కుడివైపు కొత్తది. దుప్పటికి నాలుగు అంచులూ కలవకపోతే మడత నిలవదు. అంచు మీదే చూపు పెట్టాలి, దుప్పటి మొత్తం చూడకూడదు. అలాగే చేశాను. ఏం రాస్తున్నానో చదవలేదు. గీత తర్వాత గీత. రెండో పేజీ అయ్యేసరికి రెండూ యాభై. వేళ్ళు కొయ్యబారిపోయాయి. టపా ఆవిడ కవర్లకు బిళ్ళలు అంటిస్తూ మధ్యమధ్య గడియారం చూసి, "మూడో పేజీ" "కానివ్వండి" అంటూ ఉంది. ఒకసారి నా ముందు చల్లారిన టీ పెట్టింది. తాగితే టైము పోతుందని ముట్టుకోలేదు.

మూడున్నరకు అయిదో పేజీ. పద్నాలుగు వదిలేసి మిగతావన్నీ నింపుతున్నాను. గరుకు అద్దం అవతల నీడలు మొదలయ్యాయి. నకళ్ళకోసం వచ్చిన జనం. వాళ్ళలో ఒక నీడ మెడ ఒక పక్కకు వంచి నిలబడింది. ఆ వంపు నాకు తెలుసు.

మూడూ నలభై ఎనిమిదికి ముప్పై ఒకటో గడి నింపి సంతకం చేశాను. పద్నాలుగు ఒక్కటే తెల్లగా ఉంది. ఫోను మోగలేదు.

"రాసెయ్యండి. వెళ్ళే ఉంటారు" అంది టపా ఆవిడ.

"వెళ్ళారని నాకు తెలియాలి. అప్పుడే అది నిజం."

అద్దం మీద ఎవరో వేలితో టకటకా కొట్టారు. "అయిదు నిమిషాలుంది ఇంకా!" అని అరిచింది. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకో. మూడూ యాభై ఆరుకి ఫోను మోగింది. ఆవిడే ఎత్తి, విని, పెట్టేసింది.

"బండి కదిలిందట."

నాకు తెలియదు అని రాశాను. రెండు మాటలు. మిగతా గడి అంతా ఖాళీ. కిందటిసారి చోటు చాలినన్ని మాటలున్నాయి నా దగ్గర.

టపా ఆవిడ పాతదాని మీద రద్దు ముద్ర కొట్టి నా చేతిలో పెట్టింది. "బయటికి తీసుకెళ్ళొద్దు" అంది. పద్నాలుగో గడి ఉన్న పేజీని ముక్కలు చేసి గిన్నెలో నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపాను. నీళ్ళు నీలంగా మారేదాకా నలిపాను. ఆవిడ నకలు తీసి కిటికీ తెరిచింది.

అల్లుడు అక్కడే నిలబడి చదివాడు. మొదటి పేజీ చూడలేదు, తిన్నగా పద్నాలుగు దగ్గరికి వెళ్ళాడు. చదివి, కిటికీలోంచి లోపలికి చూశాడు. నన్ను చూశాడు.

"ఇది మీ రాతేనా అత్తయ్యా?"

"నాదే బాబూ."

"నిజమేనా?"

"నిజమే. నాకు తెలియదు."

నా మొహం అతనికి బాగా తెలుసు. నేను దాచితే ఎక్కడ దాస్తానో పదేళ్ళుగా చూసినవాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నమ్మాడు. అతను నమ్మినప్పుడే నాకూ అర్థమైంది, నిజంగానే నాకు తెలియదని.

విచారణలో ప్రమాణం చేయించి మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ తెలియదన్నాను. ఆదివారాలు ఎక్కడికి వెళ్తావని అడిగారు. ఎక్కడికీ వెళ్ళనన్నాను. అదీ నిజమే. ఫిర్యాదు మూసేశారు. మూసేసిన వారానికి ఇంకోటి తెరిచారు, తప్పిపోయిన మనుషుల విభాగంలో. దానికి జవాబు నాలుగు పేజీలే. ఇది రాసేనాటికి మొత్తం తొమ్మిది ఫిర్యాదులయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో బెంచీ. అతని పేరు మీద ఇన్ని కాగితాలు ఎందుకొస్తున్నాయని ఏ బల్ల దగ్గరా ఎవరూ అడగలేదు. ఒక్కో బల్లకు ఒక్కోటే కనిపిస్తుంది కదా.

వార్డెనమ్మ, టైపు మేడం కలిసి పెద్ద ఆఫీసుకు ఒక అర్జీ పంపారు. ఫిర్యాదు చేసినవాడికి ఇచ్చే నకలులో చిరునామా గడిని మూసి ఇవ్వాలని, ఒకే మనిషి మీద ఒకడే ఇన్నేసి ఫిర్యాదులు చేస్తుంటే అన్నీ ఒకచోట పెట్టి చూడాలని. దానికి తోడుగా, జరిగింది జరిగినట్టు నన్ను రాయమన్నారు. అదే ఇది. అర్జీకి ఇంకా జవాబు రాలేదు. టపా ఆవిడ మాత్రం ఇప్పుడు జవాబు తెచ్చినవాళ్ళందరినీ కౌంటరు దగ్గరే ఆపి, పద్నాలుగో గడి రాసేముందు వెనకవైపు చదివారా అని అడుగుతోందట. అది ఆవిడ పని కాదని ఎవరో పైన ఫిర్యాదు చేశారట కూడా. ఎవరో మీరే ఊహించుకోండి.

ఈ రోడ్డు వదిలి ఎక్కడికైనా పొమ్మని టైలరు అంటున్నాడు. అల్లుడు వారానికోసారి ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి నా కిటికీ వైపు చూసి పోతాడు. నేను వెళ్ళను. వాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు సరే, నేను ఎక్కడున్నానో వాళ్ళకు తెలిసి ఉండాలి.

నన్ను బట్టల గదిలో మడతక్క అనేవాళ్ళు, ఇప్పుడూ అదే పేరు. వయసు అరవై నాలుగు. ఉండేది టైలరు షాపు పైన, మెట్లెక్కగానే ఎడమవైపు మొదటి గది.